దాటిపోయిన పళ్లెం

ఇల్లు, ముందు గది
వానలు మొదలైన వారం, సోమవారం

కండక్టరు బాబుకి,

వదిన దీవెనలు. నా దస్తూరీ చూడగానే నీ గుండె గుభేలుమని ఉంటుంది. కంగారుపడకు, మీ అన్నయ్య ఉన్నాడు. ఉన్నాడని మాత్రమే చెప్పగలను.

పోయిన నెల పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దం ముందు కూలబడిపోయాడు. పక్షవాతం. కుడివైపంతా చచ్చుబడింది. మాట పోయింది. ఆస్పత్రిలో ఉంచుకున్నన్నాళ్లు ఉంచుకుని, ఇక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లి దగ్గరుండి చూసుకోండి అన్నారు. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి ఇంకో మాట కూడా చెప్పింది. ఆయనకి మింగే శక్తి పోయిందట. నోట్లో ఏం పెట్టినా కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుందట. "చెంచాడు నీళ్లయినా సరేనమ్మా, నోటికి పెట్టారో మనిషి మీకు దక్కడు" అంది. ముక్కులోంచి గొట్టం వేశారు. పాలపొడి కలిపిన నీళ్లు అందులో పోస్తున్నాను. తినడానికి కూర్చుంటే లేపడం మా వల్ల కాదని మీ అమ్మ వెక్కిరించేదే, ఆ మనిషికి ఇప్పుడు రుచి లేదు, వాసన లేదు, గొట్టం ఉంది.

ఫోన్ చేయొచ్చుగా అంటావు. నీతో నేను మాట్లాడతాను సరే, ఆయన సంగతేమిటి? బస్సు ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఆయన చెవులు ఏనాడో పోయాయి. చెవి మిషను పెడితే పీకి పారేస్తున్నాడు. కళ్లు మాత్రం బాగున్నాయి, ఎదురుగా నిలబడి అడిగితే పెదాలు చూసి పోల్చుకుంటాడు, నువ్వు రాసిన కాగితం ముందు పెడితే చదువుతాడు. అందుకే ఈ ఉత్తరం.

అసలు సంగతికి వస్తాను. ఇంటికి తెచ్చిన దగ్గర్నుంచి ఆయన ఏదో అడుగుతున్నాడు. ఎడమచెయ్యి ఒక్కటే ఆయన మాట వింటోంది. ఆ చేత్తో గాలిలో గుండ్రంగా గీస్తాడు. తర్వాత బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకి తెచ్చి, ఇంత చిన్నది అంటాడు. "కంచమా? ఆకలేస్తోందా?" అన్నాను. కాదన్నట్టు తల తిప్పాడు. "చక్రమా? బస్సు గుర్తొచ్చిందా?" అన్నాను. నీతో వేగలేనన్నట్టు కళ్లు మూసుకున్నాడు. దగ్గుమందు సీసా మూత అనుకుని తెచ్చి చూపిస్తే విసిరికొట్టాడు. పెళ్లయిన కొత్తలో మీ అమ్మ ముందు మాట్లాడుకోలేక చేసుకున్న సైగలు కూడా ఇంతకంటే బాగా అర్థమయ్యేవి. నిన్న నేను చర్చి నుంచి రాగానే నా చెయ్యి లాక్కుని, అరచేతిలో గుండ్రంగా గీసి, అందులోంచి ఏదో తుంచి తన నోటి దగ్గరికి తీసుకెళ్లాడు. అప్పుడు వెలిగింది నాకు. చర్చిలో తీసుకునే ప్రభు బల్ల అడుగుతున్నాడు. రొట్టె పళ్లెం, ద్రాక్షరసం పోసే చిట్టి గ్లాసు.

నీకు తెలియని సంగతి ఒకటి ఇప్పుడు చెప్పాలి. ఆ ఎంక్వయిరీ దగ్గర్నుంచి మీ అన్నయ్య బల్ల తీసుకోలేదు. మీ అన్నయ్య తోలే, నువ్వు టికెట్లు కొట్టే మన బస్సు కింద ఆ సైకిలాయన కాలు విరిగాక, డ్రైవరు రెప్ప వాలింది, బ్రేకు ఆలస్యంగా పడింది అని నువ్వు ఆఫీసర్ల ముందు చెప్పావు. ఆయన్ని స్టీరింగు మీంచి దింపి డిపోలో బస్సులు కడిగే పనిలో వేశారు. అదిగో, అప్పట్నుంచి. నెల మొదటి ఆదివారం పళ్లెం మా వరసకి వస్తుంది. రెండు చేతులా అందుకుంటాడు, దానివైపు చూస్తాడు, నాకు అందిస్తాడు. గ్లాసుల ట్రే వచ్చినా అంతే. మొదట్లో మోచేత్తో పొడిచేదాన్ని. ఇంటికొచ్చి నిలదీస్తే, "తోడబుట్టినవాడితో మాటల్లేకుండా ఆ ముక్క ఎలా ముడతానే?" అన్నాడు. "అయితే వెళ్లి మాట్లాడండి" అన్నాను. చెప్పులేసుకుని బయటికి పోయాడు. ఆయన మౌనం, నీ మౌనం. మధ్యలో పండక్కీ పబ్బానికీ దొంగచాటుగా కార్డులు రాసుకునేది నేనూ నువ్వూ.

నోరు బాగున్నన్నాళ్లు ముట్టుకోలేదు. ఇప్పుడు కావాలంటున్నాడు, ఇప్పుడు మింగలేడు. నేనేం చేయను చెప్పు?

ఆ మింగే సంగతి నేనూ పాస్టరు గారూ చూసుకుంటాం. నీ వంతు నువ్వు చెయ్యి. వీలైతే రా. లేకపోతే ఆయనకి ఒక్క మాట రాయి, కాస్త పెద్ద అక్షరాలతో.

నీకు లాగులు కుట్టిపెట్టిన
వదిన

*

డయాలసిస్ వార్డు, మూల మంచం
గురువారం

వదినమ్మకి,

నమస్కారాలు. ఉత్తరం అందింది. నర్సమ్మని బతిమాలి అట్ట తీసుకుని దానిమీద కాగితం పెట్టి రాస్తున్నాను. ఎడమచెయ్యి మిషనుకి ఇచ్చేశాను, కుడిచెయ్యి నాది. నా కిడ్నీలు రెండూ డ్యూటీ దిగిపోయాయని నీకు తెలుసుగా. రోజు విడిచి రోజు ఈ మిషను నా రక్తం కడిగి మళ్లీ నాకే ఎక్కిస్తుంది. ఇదీ ఒక బస్సు సర్వీసే. ఎక్కాలి, పూటంతా కూర్చోవాలి, ఎక్కడికీ పోదు, దిగాలి. పక్క మంచం పెద్దాయనతో "కాస్త ముందుకు జరగండి సార్, వెనక ఖాళీ లేదు" అంటుంటాను. పళ్లు లేకపోయినా భలే నవ్వుతాడు.

అన్నయ్య సంగతి చదివి మనసు మనసులో లేదు. కానీ రాలేను వదినా. ఒక్క విడత మిషను తప్పితే నాకు ఊపిరి ఆడదు. మీ దగ్గరికి రావడానికి ఒక రోజు, పోవడానికి ఒక రోజు. మధ్యలో నేను మిగలను.

ఇక ఆ ఒక్క మాట. ఏమని రాయమంటావు? నేను అబద్ధం చెప్పలేదు. డ్రైవరు పైనుండే అద్దంలో ఆయన రెప్ప వాలడం నా కళ్లతో చూశాను. ఎంక్వయిరీ గదిలో సైకిలాయన భార్య నా ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. ఆవిడ మొహం చూస్తూ ఏం చెప్పాలి? బయటికొచ్చాక అన్నయ్య డిపో గేటు దగ్గర నన్ను చూపించి, "వీడెవడో నాకు తెలీదు. వీడు నా తమ్ముడు కాడు" అన్నాడు. మెకానిక్కులు విన్నారు, ఊడ్చేవాళ్లు విన్నారు, టీ కొట్టతను విన్నాడు. నేను తల దించుకుని, ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని ఇంత దూరం వచ్చేశాను. ఇంకా నేనే రాయాలా?

బల్ల గురించి బెంగ పెట్టుకోకు. ప్రభువు దయగలవాడు. ముక్క తిన్నావా లేదా అని పైన ఎవరూ టికెట్ చెక్ చేయరు. అన్నయ్యకి నా వందనాలు చెప్పు.

నీ
మరిది

*

ఇల్లు, వంటగది గుమ్మం
ఆదివారం సాయంత్రం

మహారాజశ్రీ మరిదిగారికి,

తమరి ఉత్తరం చదివి తరించాను. పైన టికెట్ చెక్ చేయరని సెలవిచ్చారు. ఓసారి వెళ్లి చూసొచ్చినట్టున్నారు. ఒంట్లో బాగోలేని మనిషివని ఊరుకుంటున్నాను గానీ, లేకపోతే ఆ ముక్కకి నీ చెవి పిండి ఉండేదాన్ని.

ఇక ఈ మీరూ గీరూ నావల్ల కాదు. విను. నీ ఉత్తరం దాచేద్దామనుకున్నాను. దాచేలోపే నీ దస్తూరీ గుర్తుపట్టి లాక్కున్నాడు. మొదటినుంచి చివరిదాకా చదివాడు. గుండెల మీద పెట్టుకుని పైకప్పు చూస్తూ పడుకున్నాడు. కోపమో, బాధో, నాకు ఏమీ అంతుపట్టలేదు. ఆ మొహంలో సగమే కదులుతుంది, ఆ సగం చూసి ఏం పోల్చుకోను?

ఈవేళ చర్చి అయ్యాక పాస్టరు గారు వచ్చారు. కొత్తాయన, మన పిల్లల కంటే చిన్నవాడు. చంకలో చిన్న చెక్కపెట్టె. అందులో రొట్టె, చిట్టి గ్లాసు, సీసాలో ద్రాక్షరసం. కూర్చుని చాలా మంచి మాటలు చెప్పాడు. అక్కడ నొప్పి ఉండదు, ఈ పాడైన ఒంటికి బదులు కొత్త ఒళ్లు ఇస్తాడు, వెళ్లేది పరాయి చోటుకి కాదు అన్నాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. మీ అన్నయ్య మాత్రం పెట్టె మీద నుంచి చూపు తిప్పలేదు. ప్రార్థన సాగుతుంటే ఆయన ఎడమచెయ్యి దుప్పటి మీద టపటపా కొట్టింది. ఎదుటి బండి దారివ్వకపోతే హారన్ మీద ఎలా కొట్టేవాడో గుర్తుందిగా, అదే కొట్టడం. పాస్టరు గారు అది స్తోత్రమనుకుని ఇంకాస్త పొడుగ్గా ప్రార్థించాడు. నవ్వాపుకోలేక చచ్చాను. నవ్వినందుకు తర్వాత ఏడ్చాను కూడా.

డాక్టరమ్మ మాట చెప్పేసరికి పాస్టరు గారి మొహం పాలిపోయింది. "వేలికొనతో కాస్త తడి పెదవికి అద్దుతానమ్మా, అంతకంటే వద్దు" అన్నాడు. తడి ఏం చేస్తుందిలే అని నేనూ సరేనన్నాను. వేలు దగ్గరికి తెచ్చాడు. మీ అన్నయ్య పెదాలు బిగించేశాడు! తల గోడవైపు తిప్పేశాడు. ఇన్ని రోజులు అడిగి అడిగి, తీరా వస్తే నోరు మూసుకున్నాడు. తర్వాత ఎడమచెయ్యి పైకెత్తి గాలిలో తాడు లాగాడు, కండక్టరు బెల్లు తాడు లాగినట్టు. మళ్లీ లాగాడు. నువ్వు. నీ మాట రాకుండా తీసుకోడట.

పాస్టరు గారికి ఇవన్నీ ఏం తెలుసు? నొచ్చుకుని పెట్టె సర్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, వచ్చే నెల మళ్లీ వస్తానన్నాడు. వచ్చే నెల అన్న మాట ఎంత దూరంగా వినబడిందో.

నువ్వు నిజమే చెప్పావు. నేను కాదన్నానా? ఆ మనిషి పోయేటప్పుడు ఆకలితో పోకూడదని నా ఏడుపు. ఒక్క మాట రాయరా నాయనా.

వదిన

*

డయాలసిస్ వార్డు, అదే మంచం
శనివారం

వదినా,

ఈసారి హాస్యాలేం లేవు. నీ ఉత్తరం చదివాక నర్సమ్మ నా బీపీ చూసి మిషను ఆపాలా అని అడిగింది.

అన్నయ్యకి విడిగా కాగితం పెట్టాను. పెద్ద అక్షరాలు. ఇంత రాయడానికి పొద్దంతా పట్టింది. చూపించు.

మరిది

అన్నయ్యా,
తప్పు నాదే అనుకో.
క్షమించు. బల్ల తీసుకో.
నీ తమ్ముడు

*

ఇల్లు, ఆయన మంచం పక్కన
బుధవారం

చిన్నోడా,

కాగితం చూపించాను. చదివాడు. చదివి, అరచేతిలో నలిపి ఉండచేసి గది మూలకి విసిరాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నీకు చెప్పకూడదు గానీ, ఆ పరిస్థితిలో ఉన్న మనిషి మీద కేకలేశాను. "చిన్నవాడు తగ్గాడు కదా, ఇంకా ఎందుకీ పంతం? ఇది కూడా మోసుకుపోతారా పైకి?" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఎడమచేత్తో గుండెమీద కొట్టుకున్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకుంటే విడిపించుకుని మళ్లీ కొట్టుకున్నాడు. తాడు లాగినట్టు లాగి, చెయ్యి అడ్డంగా ఊపి, మళ్లీ తన గుండెమీద.

మంచం మీద కూర్చుని, ఆయనకి కనబడేలా నోరు బాగా తెరిచి ఒక్కొక్కటే అడిగాను. అవునైతే కళ్లు మూసి తెరవమన్నాను.

"తప్పు తమ్ముడిది కాదా?" మూసి తెరిచాడు.

"మీదా?" మూసి తెరిచాడు.

"గేటు దగ్గర అన్నారే, ఆ మాటా?"

ఈసారి మూసిన కళ్లు తెరవలేదు. నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి అందక, గొట్టం అడ్డంగా ఉంటే, నేనే తుడిచాను.

చూశావా నాయనా మనం చేసిన పని? నీమీద కోపంతో పళ్లెం దాటేస్తున్నాడని ఇన్నేళ్లూ నేను అనుకున్నాను. నీకూ అదే రాశాను. ఆయనకి నీమీద కోపమే లేదు. నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పావని ఆయనకి ఆరోజే తెలుసు. అందరి ముందూ తమ్ముడు కాదన్న నోటితో ఆ ముక్క ఎలా తినాలా అని, అదీ ఆయన బాధ. ఆ మాట నాతో కూడా అనలేకపోయాడు. పక్కన కూర్చుని, ఆయన అందించిన పళ్లెంలోంచి నెలనెలా తిన్నది నేను. నాకు తెలియలేదు.

పెన్సిలు ఇచ్చాను, నీకేమైనా రాస్తాడేమోనని. గీతలు పడ్డాయి. ఒక్కటీ అక్షరం కాలేదు. పెన్సిలు వదిలేశాడు.

"తమ్ముడు మిమ్మల్ని క్షమించానని రాస్తే బల్ల తీసుకుంటారా?" అని అడిగాను. కళ్లు గట్టిగా మూసి తెరిచాడు. కాబట్టి క్షమించమని కాదు, క్షమించానని రాయి. త్వరగా రాయి. పాదాలు వాచాయి. ఊపిరిలో గురగుర మొదలైంది. డాక్టరమ్మ వచ్చి చూసి, నాకు టీ తాగమని చెప్పి వెళ్లింది. ఆస్పత్రి వాళ్లు మనల్ని టీ తాగమన్నారంటే ఇక అర్థమేమిటో నీకు తెలుసు.

వదిన

*

డయాలసిస్ వార్డు, మూల మంచం
ఆదివారం కాదు, ఏ వారమో

వదినా,

నీ ఉత్తరం చదివి నేను ఏడ్చిన ఏడుపుకి పక్క మంచం పెద్దాయన తన దుప్పటి ఇచ్చాడు, చలేస్తోందనుకుని.

నీకు నేనూ ఒకటి చెప్పలేదు. నేనూ అంతే. ఇక్కడి చర్చిలో బల్ల నెలాఖరు ఆదివారం. పళ్లెం వస్తుంది, పక్కావిడకి అందిస్తాను. పాపం ఆవిడ నాకేదో నోటిజబ్బు ఉందనుకుని మంచి దంతాల డాక్టరు చిరునామా ఇచ్చింది. అన్నయ్య నన్ను కాదనుకున్నాడు, ఆయన క్షమించేదాకా నాకు అర్హత లేదనుకున్నాను. నేను క్షమించాలని ఆయన అక్కడ, ఆయన క్షమించాలని నేను ఇక్కడ. ఒక తల్లి కడుపున పుట్టాం, మూర్ఖత్వం కూడా చెరిసగం పంచుకున్నాం. ఇద్దరిలో ఒక్కడికి బుద్ధి ఉన్నా ఒక బస్సెక్కితే అయిపోయే పని.

ఇప్పుడు ఎక్కుదామంటే ఎక్కనివ్వడం లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి, ఒక్క విడత మానేస్తాను, మా అన్నయ్యని చూసొస్తాను అన్నాను. "వెళ్లండి. తిరిగి మాత్రం రారు" అన్నాడు. పర్వాలేదన్నాను. ఇంటికొచ్చి సంచి సర్దుకుంటే మా అబ్బాయి నా చెప్పులు దాచేశాడు. కొట్టడానికి చెయ్యెత్తాను. "కొట్టు నాన్నా, వెళ్లకు" అన్నాడు. వాడికి నేను ఏం చెప్పను? వాళ్ల నాన్న బతకాలని వాడి ఏడుపు. చెప్పుల్లేకుండా వీధి చివరిదాకా నడిచాను. ఆయాసం వచ్చి ఒక కొట్టు అరుగు మీద కూర్చుంటే, వాడే వచ్చి ఎత్తుకుని తీసుకెళ్లాడు. నన్ను, పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు.

భయమేస్తోంది వదినా. ఆయన గురించీ, నా గురించీ. చనిపోయినవాళ్లని మళ్లీ లేపుతాడని చిన్నప్పట్నుంచీ పాడుకుంటున్నాం, నమ్ముతున్నాను కూడా. అయినా ఈ మిషను కుయ్యిమన్నప్పుడల్లా నర్సమ్మ చెయ్యి పట్టుకుంటున్నాను. అన్నయ్య నాకంటే ముందు వెళ్తే నా కోసం ఒక సీటు మీద రుమాలు వేసి ఉంచమని చెప్పు. కిటికీ పక్కది.

కాగితం పెట్టాను. ఈసారి నలపడు.

మరిది

అన్నయ్యా,
ఆ మాట నేను మర్చిపోలేదు. కానీ వదిలేశాను.
క్షమించాను. నువ్వు నా అన్నయ్యవి.
నోరు తెరువు.
తమ్ముడు

*

ఇల్లు, ముందు గది
వానలు వెలిశాక, సోమవారం

నాయనా,

మీ అబ్బాయికి ఫోన్ చేయించాను కాబట్టి మీ అన్నయ్య వెళ్లిపోయిన సంగతి నీకు తెలుసు. నువ్వు రాలేదని ఎవరూ ఒక్క మాట అనలేదు. అననివ్వలేదు నేను. డిపో నుంచి పాతవాళ్లు వచ్చారు, వాళ్లే మోశారు. ఆ కబుర్లు తర్వాత రాస్తాను. బల్ల సంగతి నీకు చెప్పాలి. అది ఫోన్లో చెప్పేది కాదు.

నీ కాగితం శనివారం వచ్చింది. మర్నాడే నెల మొదటి ఆదివారం. చదవమని మొహం ముందు పట్టుకున్నాను. చదివాడు. మళ్లీ పట్టుకోమన్నాడు. ఆపైన ఆ కాగితాన్ని అరచేతి కింద పెట్టుకుని వదల్లేదు, ఒళ్లు తుడుస్తుంటే కూడా వదల్లేదు.

పాస్టరు గారు చర్చి అవగానే వచ్చాడు. ఈసారి పొడుగు ప్రార్థన చేయలేదు, పాపం నేర్చుకున్నాడు. రొట్టె విరిచి, గోరంత ముక్క పట్టుకుని మంచం మీదికి వంగాడు. మీ అన్నయ్య నోరు తెరిచాడు. బిగుసుకుపోయిన ఆ మూతిని ఎంత తెరవగలడో అంతా తెరిచాడు.

నేను పాస్టరు గారి చెయ్యి పట్టుకుని ఆపేశాను.

ఎందుకు ఆపానో నాకే తెలీదు. ఆ ఊపిరి అప్పటికే గురగురమంటోంది. డాక్టరమ్మ మాట చెవిలో మోగింది. నా కళ్లముందే, నేను సరేనన్న ముక్కతోనే ఆయనకి ఉక్కిరిబిక్కిరైతే, నేను బతకలేననిపించింది. ఇన్నేళ్లు మూసుకున్న నోరు ఆయన తెరిస్తే, అడ్డంపడింది నేను. ఆయన నావైపు చూశాడు. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. నోరు అలాగే తెరిచి ఉంచి చూశాడు.

"ఇప్పుడేం చేయాలి అయ్యగారూ?" అన్నాను. ఆ పిల్లాడు ముక్క చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయాడు. "నేను చదివిన చదువులో ఇది లేదమ్మా" అన్నాడు. వీధిలో ఎవరో గేటు తీసి వేశారు.

అప్పుడు ఆ ముక్క నేను తీసుకుని ఆయనకి చూపించాను. "మీ బదులు నేను తిననా?" అన్నాను. చాలాసేపు చూశాడు. కళ్లు మూసి తెరిచాడు. నోట్లో పెట్టుకున్నాను. ఆయన నీ కాగితం వదిలి చెయ్యి పైకెత్తాడు. బుగ్గ నిమురుతాడనుకున్నాను. కాదు. వేళ్లు నా గొంతు మీద పెట్టాడు. నేను నమిలాను. మింగాను. నా గొంతు కదిలితే ఆయన వేళ్లూ దానితో కదిలాయి. చిట్టి గ్లాసు తాగినప్పుడూ అంతే, వేళ్లు తియ్యలేదు. అలాగే నిద్రపోయాడు. చెయ్యి బరువెక్కి జారేదాకా నేను కదల్లేదు.

"ఇది చెల్లుతుందా?" అని పాస్టరు గారిని అడిగాను. "నాకు తెలీదమ్మా. చెల్లనివ్వమని ప్రభువుని అడుగుతాను" అన్నాడు. బొంకలేదు, అందుకు ఆయనంటే గౌరవం కలిగింది.

గురువారం పొద్దున పాలపొడి నీళ్లు గోరువెచ్చగా చేసి తెచ్చేసరికి ఆయన లేడు. గొట్టం తీసేశాక మొహం మళ్లీ మీ అన్నయ్య మొహంలా అయింది. ఆయన్ని మళ్లీ చూస్తాను, మాట్లాడతాను, ఆ నమ్మకం నాకు గట్టిగా ఉంది. కానీ నమ్మకం ఉందని మంచం ఖాళీగా కనబడకుండా పోదు కదా.

ఒక్కటే నన్ను తినేస్తోంది. ఎలాగూ గురువారం పోయాడు. ఆ ఆదివారం గోరంత ముక్క పెట్టి ఉంటే ఏమయ్యేది? పెట్టి ఉండాల్సిందా? నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషివి. చెప్పు.

వదిన

*

ఇంట్లో, మంచం మీద
నెలాఖరు ఆదివారం

వదినా,

ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు, అదే చెబుతున్నాను. నాకు తెలీదు. నీ చోట నేనుంటే నేనూ ఆపేవాణ్ణి. ఆపాక నేనూ ఇలాగే కుమిలిపోయేవాణ్ణి. వేళ్లు నీ గొంతు మీద పెట్టాడని రాశావే, దాన్ని పట్టుకుని ఉన్నాను. నువ్వూ అదే పట్టుకుని ఉండు.

అన్నయ్యని మట్టిలో పెడుతున్న వేళకి నేను మిషను మీద ఉన్నాను. టైము కనుక్కుని నర్సమ్మకి చెప్పాను. ఆవిడ కాసేపు నా మంచం దగ్గర నిలబడింది. అంతకంటే నాచేత ఏమీ కాలేదు.

ఈవేళ మా అబ్బాయి నన్ను చక్రాల కుర్చీలో చర్చికి తీసుకెళ్లాడు. ఇక్కడ బల్ల రోజు. పళ్లెం వచ్చింది. పక్కావిడ అలవాటు కొద్దీ చెయ్యి చాచింది. నేను ఇవ్వలేదు. ఆవిడ నావైపు తెల్లబోయి చూసింది. ముక్క తీసుకుని, అప్పుడు అందించాను.

నోట్లో పెట్టుకున్నాను. నమిలాను. అక్కడితో ఆగిపోయింది వదినా. ఏడుపొచ్చి గొంతుకి అడ్డంపడితే ముక్కకి దారేదీ? మింగడం మర్చిపోయినవాడిలా కూర్చున్నాను. పాట అయిపోయింది, పళ్లెం ముందుకి వెళ్లిపోయింది, నా నోట్లో ముక్క నా నోట్లోనే ఉంది. అన్నయ్యకి చివరి రోజులన్నీ ఇదేనా అనుకున్నాను. మా అబ్బాయి కంగారుగా "ఉమ్మేయి నాన్నా, ఏం పర్వాలేదు" అంటూ నోటి కింద చెయ్యి పెట్టాడు. తల అడ్డంగా ఊపాను. వాడి చెయ్యి పక్కకి తోసేశాను.

చాలాసేపటికి దిగింది.

నీ
మరిది